లోతు వేరు, నీరు వేరు

ప్రొద్దున లేచి పత్రిక చేతికి రాగానే నేను మొదట చూచేది రాజకీయ వార్తలు కాదు, జలాశయాల మట్టాల పట్టిక. శ్రీరామసాగరం ఎన్ని అడుగులు, కడెం ఎన్ని అడుగులు, దిగువ మానేరు ఎన్ని అడుగులు. ఆ మూడు అంకెలనూ ఒక పొడుగాటి నోటు పుస్తకంలో ఎక్కించిన తరువాతనే కాఫీ. ఎడమవైపు తేదీ, దాని ప్రక్కన కార్తె పేరు, ఆపైన అంకెలు. మృగశిర ప్రవేశించిన నాడు మొదలుపెట్టి స్వాతి వెళ్ళిపోయేదాక ఒక్కరోజు కూడా తప్పనివ్వను. ఛందస్సులు, సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితునికి ఈ లెక్కల పిచ్చి ఎక్కడిదని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

2019 నుంచి ఆ పుస్తకంలో ఇంకొక వరుస చేరింది. అది వానాకాలపు వరుస కాదు. కార్తికంలో మొదలై చైత్రవైశాఖాల దాక నడుస్తుంది. అమెరికాలో కొలరాడో కొండలమీద పేరుకొనే మంచు లెక్క అది. మంచన్నది తెల్లవారుజామున గడ్డిమీద తప్ప ఎరుగని కరీంనగరు మనిషికి ఆ లెక్కతో ఏమి పని అని మీరడుగవచ్చును. ఆ పనేమిటో చెప్పడానికే ఈ టపా. చెప్పాలంటే ముందు మా ఊరి చెరువు దగ్గరికి పోవాలి.

మా బాపు చదువుకొన్నవాడు కాడు. వేలిముద్ర మనిషి. అయినా మా చెరువు తూము దగ్గర నిలబెట్టిన రాతిమీద ఉలితో గాట్లు పెట్టించినది ఆయనే. అడుగుకొక గాటు చొప్పున క్రింది నుంచి పైకి పది గాట్లు. పదోది మునిగిందంటే మత్తడి దుంకుతున్నదన్నమాట. సంక్రాంతి నాడు ఊరి పెద్దలు కట్టమీదికి పోయి ఆ రాయిని చూచేవారు. తొమ్మిదో గాటు దాక నీరుంటే యాసంగికి ఆయకట్టంతా నాటు. ఏడుంటే సగం. అయిదే ఉంటే వరి మాట మరచిపోయి నువ్వులో పెసర్లో చల్లుకోవడం. ఆ రాయి మాకు పంచాంగం కన్న పెద్ద ప్రమాణం.

1982లో నాకు పండితునిగా ఉద్యోగం వచ్చి ఆదిలాబాదు జిల్లాకు వెళ్ళాను. ఉట్నూరు వైపు కొన్నేళ్ళు, కడెంలో కొన్నేళ్ళు. ఏటా సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు రాయి చూచి అంకె వ్రాసుకోవడం అప్పుడే అలవాటయింది. బాపు నోటితో చెప్పిన లెక్కను నేను కాగితం మీద పెట్టాను. అదొక గొప్ప అనుకొన్నాను. వర్షాన్ని కొలవడానికి ధాన్యాగారం ముందు మూర వెడల్పు పాత్ర పెట్టించమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పినాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకాలలో, ద్రోణాలలో లెక్కించినాడు. ఆ పరంపరలో నేనూ ఒక చిన్న లేఖకుణ్ణని లోలోపల మురిసేవాణ్ణి.

1985 సంక్రాంతికి నీరు తొమ్మిదో గాటు దగ్గర ఉన్నది. ఆ యేడు ఉగాది దాటిన తరువాత కూడా తూము పారింది. ఇంటింటా గుమ్ములు నిండినవి. ఆ పేజీ నాకు కంఠోపాఠం.

2001 సంక్రాంతికి కూడా నీరు సరిగా తొమ్మిదో గాటు దగ్గరే ఉన్నది. అప్పటికి బాపు లేడు. వ్యవసాయం మా తమ్ముడు చూచుకొంటున్నాడు. వాని పొలం నాలుగెకరాలూ కాలువ చివర. నీరు అందరికీ పారిన తరువాతనే అక్కడికి వస్తుంది. పండుగ మరునాడు కట్టమీద నిలబడి వాడు నన్నడిగినాడు.

"ఏమంటవన్నా? నాలుగెకరాలూ నాటెయ్యాల్నా, రెండెకరాలతోని ఆగాల్నా?"

నేను సంచిలోంచి పుస్తకం తీసి 1985 పేజీ చూపించాను. "అదే తొమ్మిదో గాటు తమ్మీ. నాలుగూ వెయ్యి" అన్నాను. వాడు కొంచెంసేపు చెరువు నడుమకు చూచి, "సరే అన్నా, నువ్వన్నంక ఇంకేంది" అన్నాడు. సెలవులైపోయి నేను బడికి వెళ్ళిపోయినాను.

మార్చి నెల రెండో వారంలో కబురు వచ్చింది. తూము ఎండింది. వరి పొట్టకు వచ్చి ఉన్నది. సరిగా అప్పుడే నీరు ఆగిపోయింది. నేను ఊరు చేరేసరికి మడి నెఱ్ఱెలు వాసింది. కాలువ మొదట్లో ఉన్నవారికి సగమైనా దక్కింది గాని చివర ఉన్నవారికి గడ్డి తప్ప మిగలలేదు. ఆ గడ్డి కూడా కోత కూలికి సరిపోదని పశువులను తోలినారు. ఎరువులకు తెచ్చిన అప్పు అట్లే నిలిచింది. మరుసటి యేడు మా తమ్ముడు దుబాయి వెళ్ళినాడు. ఎనిమిదేళ్ళు అక్కడ ఇటుకలు మోసినాడు. వాని బిడ్డ పెద్దదైన సంగతి ఫోటోలలో చూచుకొన్నాడు.

నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకొన్నాను. నేను వ్రాసుకొన్న అంకె తప్పు కాదు. రాయి అబద్ధం చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. అయినా పంట ఎండింది. ఎందుకెండిందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ యేడు ఎండలు ముందే ముదిరినవని, ఎవరో రాత్రిపూట ఎక్కువ నీరు మలుపుకొన్నారని ఏవేవో సమాధానాలు చెప్పుకొన్నాను.

ఇక మంచు దగ్గరికి వస్తాను. మా అబ్బాయి డెన్వరులో ఉద్యోగం చేస్తాడు. నేను 2017లో పదవీ విరమణ చేశాను. 2019 ఫిబ్రవరిలో మేమిద్దరమూ వాని దగ్గరికి వెళ్ళి రెండు నెలలు ఉన్నాము. వానికి మంచుమీద పలకలు కట్టుకొని జారే ఆట ఇష్టం. స్కీయింగు అంటారు. ఒక శనివారం మమ్మల్ని కూడా కొండలకు తీసికొని వెళ్ళినాడు. పదకొండు వేల అడుగుల ఎత్తున కొండను తొలిచిన ఐసెన్‌హోవర్ సొరంగం దాటి అవతలికి రాగానే కన్నులు మూతలు పడేంత తెలుపు. ఆ శీతకాలంలో మంచు విపరీతంగా పడింది. మార్చి నెలలో మంచుచరియలు విరిగి రహదారి మీద కూడా పడినవి.

ఆటస్థలం ముందర ఒక పలకమీద ఆనాటి మంచు లోతు వ్రాసి పెట్టినారు. నడికొండ మీద 70 అంగుళాలు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మా తూము రాయే సముద్రాలు దాటి వచ్చి అక్కడ నిలబడినట్లనిపించింది. కోటు జేబులోంచి కాగితం తీసి వ్రాసుకొంటూ, "దాదాపు ఆరడుగులు. ఎండకాలానికి ఈ కొండమీద ఆరడుగుల నీరున్నట్లే గదా!" అన్నాను.

మా అబ్బాయి నవ్వినాడు. "బాపూ, లోతు చూసి మోసపోకు. అండ్ల నీళ్ళెన్నో చూడాలె" అన్నాడు.

అని ఊరుకోక, కారులో ఉన్న స్టీలు చెంబు తీసి అప్పుడే పడిన మెత్తటి మంచుతో అంచుదాక నింపి, వేడిగాలి వచ్చే చోట పెట్టినాడు. మా మనుమరాలు దానినే చూస్తూ కూర్చున్నది. కరిగిన తరువాత చూస్తే చెంబు అడుగున వ్రేలి మందం నీళ్ళు. చెంబెడు మంచుకు నాలుగైదు ఉద్ధరిణెల నీరు! "తాతా, మిగతాదంతా ఎటు పోయింది?" అని అడిగింది. మిగతాది గాలి తల్లీ అన్నాను. అంటూ ఉండగానే గుండెలో ఏదో కలుక్కుమన్నది. ఏమిటో అప్పటికి పట్టుబడలేదు.

ఆ రాత్రి మా అబ్బాయి మంచు కొలతల కథంతా చెప్పినాడు. ఆ దేశపు పడమటి రాష్ట్రాలకు నీరిచ్చేది చాలామట్టుకు చలికాలంలో కొండలమీద నిలిచిన మంచే. కట్ట లేని చెరువది. వసంతంలో మెల్లగా కరిగి నదులలోకి దిగుతుంది. కనుక ఎండకాలంలో ఎవరికెంత నీరు అన్నది ఆ మంచును బట్టి ముందే లెక్కగడతారు. తాజాగా పడినప్పుడు పది అంగుళాల మంచులో సుమారు అంగుళం నీరుంటుంది. కొలరాడోలో ఒక్కొక్కసారి అంతకన్న తక్కువే. అదే మంచు నెలల తరబడి పడి ఉండి, తన బరువుకు తాను అణిగి, గట్టిపడితే పది అంగుళాలలో మూడు నాలుగు అంగుళాల నీరుంటుంది. లోతు తగ్గుతుంది, నీరు మాత్రం అట్లే ఉంటుంది. మీద కొత్తది పడితే పెరుగుతుంది కూడా. సాధారణంగా ఏప్రిల్ తొలి భాగంలో ఆ నీటి నిల్వ శిఖరానికి చేరుతుంది. ఆటగాళ్ళకు లోతు ముఖ్యం. రైతులకు బరువు ముఖ్యం.

ఈ బరువును తూచడానికి కొండలలో తొమ్మిది వందలకు పైగా కేంద్రాలున్నవట. వాటికి స్నోటెల్ అని పేరు. చాలాచోట్ల నేలమీద గడ్డకట్టని ద్రవం నింపిన పెద్ద దిండు పరచి ఉంటుంది. పైన మంచు పేరుకొన్నకొద్దీ దిండుమీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే నీటి లెక్క. మనుషులెవరూ లేని ఆ కొండలనుంచి అంకెలు పంపడానికి తొలినాళ్ళలో ఆకాశంలో రాలే ఉల్కల చారలను వాడుకొన్నారని విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఉల్క మండిన చోట క్షణకాలం నిలిచే జాడకు రేడియో సంకేతం తగిలి ఇవతలికి మళ్ళుతుందట. ఏ కవి ఊహించినాడు ఈ దౌత్యాన్ని?

అన్నిటికన్న నన్ను కదిలించినది ఈ విద్యకు ఆద్యుడైన మనిషి కథ. ఆయన పేరు జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్. ఇంజనీరు కాడు. నెవాడా విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిను సాహిత్యాలు బోధించిన ఆచార్యుడు. అంటే మన లెక్కన ప్రాచీనభాషా పండితుడు! 1895లో నడి చలికాలంలో మౌంట్ రోజ్ అనే కొండ ఎక్కి, ఆ మంచు మోహంలో పడి, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో దానిని తూచే సాధనం చేసినాడు. పదునైన అంచు గల ఉక్కు గొట్టాన్ని మంచులోకి నిలువునా నేల తగిలేదాక దింపి, లోపల చిక్కిన మంచుతో సహా పైకి తీసి తూకం వేయడం. అంతే. లోతును బట్టి కాక తూకాన్ని బట్టి తాహో సరస్సులోకి వసంతంలో ఎంత నీరు వస్తుందో ముందే చెప్పినాడు. అంతవరకు సరస్సు ఒడ్డున ఇండ్లున్నవారికీ, దిగువన నీరు కావలసినవారికీ ఎడతెగని జగడం. తూకం వచ్చిన తరువాత వాదించుకోవడానికి ఒక ఆధారమైనా దొరికింది. హోమరునూ వర్జిలునూ చెప్పుకొనే పంతులు త్రాసు పట్టుకొని కొండలెక్కినాడని తెలిసిన తరువాత నా నోటు పుస్తకానికి ఒక పెద్దదిక్కు దొరికినట్లయింది.

ఆ తృప్తి ఎంతోసేపు నిలువలేదు. నిద్ర రాలేదు. మనుమరాలి చెంబు కళ్ళముందు తిరిగింది. చెంబు నిండుగా కనిపించింది. నిండా ఉన్నది నీరు కాదు. మరి 2001లో మా చెరువు తొమ్మిదో గాటు దాక నిండుగా కనిపించింది. నిండా ఉన్నది నీరేనా?

కాదు. ఒండ్రు. 1985కూ 2001కీ నడుమ పదహారు వానాకాలాలు గడిచినవి. ప్రతి వరదా ఎగువ చేలనుంచి మట్టి తెచ్చి చెరువు నడుమ మేట వేసింది. తూము దగ్గర నీటి ఒరవడికి మట్టి నిలువదు గనుక రాతి మొదలు అట్లే ఉన్నది. గాట్లు అట్లే ఉన్నవి. చెరువు కడుపు మాత్రం పూడిపోయింది. పైన కనిపించే ఎత్తు ఒకటే, క్రింద పట్టే నీరు ఎంతో తక్కువ. నేను ఎత్తు చూచి నీరు అన్నాను. పిల్లలకు శబ్దం వేరు, అర్థం వేరు అని ముప్ఫయి అయిదేళ్ళు చెప్పిన పంతులు నేనే.

ఇది మా చెరువు ఒక్కదాని కథ కాదు. నెహ్రూగారు 1963 జూలై 26న పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరం పూర్తిమట్టం 1091 అడుగులు. ఆ అంకె నేటికీ అదే. ఆ మట్టానికి మొదట 112 టీఎంసీల నీరు పట్టేది. తరువాతి సర్వేలలో అది 90కి, ఇటీవలి లెక్కలలో 80కి వచ్చింది. పోయిన నీరు సుమారు 32 టీఎంసీలు. మా కరీంనగరు ఒడ్డునున్న దిగువ మానేరు జలాశయం 920 అడుగుల దాక నిండితే పట్టేదే 24. అంటే ఒక మానేరు డ్యామును మించినంత నీటి చోటును గోదావరి మట్టి మింగింది. 1091 అడుగులకు చేరిన నాడు మనమందరము నిండింది నిండింది అని సంబరపడతాము. నిండినమాట నిజమే.

తిరిగి వచ్చిన తరువాత నా పుస్తకం పద్ధతి మార్చినాను. అడుగుల ప్రక్కన టీఎంసీలు కూడా వ్రాస్తున్నాను. బాబ్లీ విషయమై 2013లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ ఆనకట్ట గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాక తెరిచి ఉండాలి గనుక, ఆ రెండు తేదీలనూ ఎఱ్ఱసిరాతో గుర్తు పెడతాను. చలికాలమంతా మా అబ్బాయి ఆదివారం ఫోనులో కొండల లెక్క చెబుతాడు. లోతు చెప్పడు, మంచులోని నీరెంతో చెబుతాడు. ఎన్నో ఏళ్ళుగా మా మధ్య ఫోను సంభాషణ అంటే "బాగున్నరా, బాగున్నం, తిన్నరా, తిన్నం" అంతే. ఇప్పుడు ఒక అంకె వాడిస్తాడు, ఒక అంకె నేనిస్తాను. మాటలు పెరగలేదు గాని తూకం పెరిగింది.

తూకం కూడా అంతిమ సత్యం కాదని 2021 నేర్పింది. ఆ యేడు కొలరాడో నది ఎగువ కొండలమీద మంచునీరు మామూలుకన్న కొద్దిగానే తక్కువ. అయినా కరిగి పావెల్ సరస్సుకు చేరినది మామూలులో మూడోవంతు కూడా కాలేదు. అంతకుముందటి ఎండలకు ఆరిపోయిన నేల, దిగివచ్చే నీటిని దారిలోనే త్రాగేసింది. ఆగస్టులో ఆ నదిమీద చరిత్రలో మొట్టమొదటిసారిగా నీటికొరతను ప్రకటించినారు. మా అబ్బాయి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కాలువ చివరి నాలుగెకరాలే గుర్తుకు వచ్చినవి. చెరువులో ఎంతున్నదన్నది ఒక లెక్క, దారిలో ఎవరెవరు త్రాగుతారన్నది రెండో లెక్క. నేను ఆనాడు ఈ రెండూ చూడలేదు.

2022 జూలై 13న కడెం ప్రాజెక్టుకు అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. దాని గేట్లు పద్దెనిమిదీ కలిసి వదలగలిగేది మూడు లక్షలే. 1958లో ఒకసారి వరదకు తెగిన చోటు అది. పూర్తిమట్టం 700 అడుగులు దాటిందన్న వార్త విని నేను కరీంనగరులో కూర్చుండలేక నిలబడలేక ఉన్నాను. నా దగ్గర చదివిన పిల్లలు, వాళ్ళ పిల్లలు ఆ కట్ట క్రిందనే ఉన్నారు. ఆ అర్ధరాత్రి ఫోను మ్రోగింది.

"బాపూ, కడెం చూస్తున్నవా? గంట గంటకు రాసుకుంటున్న నేను" అన్నాడు మా అబ్బాయి. వాడు ఆ ఊరి బడిలో రెండో తరగతి నుంచి అయిదో తరగతి దాక చదివినాడు. అక్కడ వానికి పట్టపగలు. ఆఫీసులో కూర్చుని కడెం అంకెలు వ్రాసుకొంటున్నాడు. తెల్లవారేదాక మేమిద్దరమూ ఫోను పెట్టలేదు. కట్ట నిలిచింది. మట్టం దిగింది. వాడి అంకెలు, నా అంకెలు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్నాము. ఒక్కచోట తప్ప అన్నీ కలిసినవి.

ఇంక మిగిలింది మా తమ్ముడు. 2019లో డెన్వరు పడకమీద నాకు తెలిసిన సంగతి వానికి చెప్పడానికి అయిదేళ్ళు పట్టింది. 2024 సంక్రాంతికి ఊరికి పోయి, వాణ్ణి వెంటబెట్టుకొని కట్టమీదికి నడిచాను. మిషన్ కాకతీయలో మా చెరువు వంతు 2016 వేసవిలో వచ్చింది. అప్పుడు తీసిన ఒండ్రును వాడు తన పొలానికే ఎన్నో ట్రాక్టర్లు తోలుకొన్నాడు. రాయి దగ్గర నిలబడి, మంచు, చెంబు, మేట అన్నీ చెప్పి, "ఆనాడు తప్పు నాదే తమ్మీ. చెరువు పూడిందని నాకు తోచలేదు" అన్నాను.

వాడు తువ్వాలుతో మొగం తుడుచుకొన్నాడు.

"నాకు గప్పుడే ఎరుకనే అన్నా. ఎండకాలం చెరువుల గొడ్లను తోలేటోన్ని, నడుమ ఎంత మన్ను కూసున్నదో నాకెరుక లేదా?"

నాకు కాళ్ళు ఆడలేదు. "మరి నాలుగెకరాలూ ఎందుకేసినవ్?"

"నువ్వు చెప్పినవు గద. సదువుకున్నోనివి, పుస్తకంల రాసుకున్నోనివి. బాపు రాయి గూడ గదే చెప్పె. నేనే తప్పు సూస్తున్ననేమో అనుకున్న."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. వాని కళ్ళకు కనిపించిన మట్టిని నా కాగితం మీది అంకె కప్పివేసింది. వాడు నన్నడిగినప్పుడు చెరువు నడుమకు ఎందుకు చూచినాడో ఇరవై మూడేళ్ళకు తెలిసింది. ఆ క్షణాన "నువ్వేమనుకుంటున్నవ్ తమ్మీ?" అని నేను ఒక్కమాట అడిగి ఉంటే చాలును. కౌటిల్యుణ్ణి, వరాహమిహిరుణ్ణి తలచుకొన్నాను గాని ప్రక్కన నిలబడ్డ రైతును అడుగలేదు.

కొంతసేపటికి వాడే, "ఇప్పుడెంతున్నదో సూసి రాసుకో మరి" అన్నాడు. ఎనిమిదో గాటు. వ్రాసుకొన్నాను. "ఈ యాసంగికి ఎన్నెకరాలు వేద్దామనుకొంటున్నవ్?" అని అడిగినాను. వాడు రాయి వంక చూడలేదు. చెరువు నడుమకూ, మబ్బు లేని ఆకాశానికీ, కాలువ పోయే దారికీ చూచి, "మూడు" అన్నాడు.

ఎనిమిదో గాటు ప్రక్కన మూడు అని వ్రాసుకొన్నాను. ఆ యేడు మూడెకరాలూ పండినవి.

మీలో చాలామంది నాకన్న దూరదేశాలలో ఉన్నారు. మీ ఊరి చెరువుకు కూడా ఇటువంటి రాయో, మెట్టో, చెట్టు మొదలో గుర్తుగా ఉండే ఉంటుంది. దాని సంగతి వ్రాయండి. వ్రాసేముందు ఆ చెరువు క్రింద సేద్యం చేస్తున్నవారిని ఒకసారి అడిగి వ్రాయండి.